పట్టుపురుగుల షెడ్డులోకి లైబ్రరీ పుస్తకం

ఈ మధ్యాహ్నం జీవపరిణామం గురించిన పుస్తకం పట్టుకుని మా పట్టుపురుగుల షెడ్డులోకి వెళ్లాను. మనిషి పెంపకంలో పట్టుపురుగు రెక్కలొచ్చినా ఎగరడం మరిచిపోయిందన్న పేజీ అవ్వకు చదవాలని నా ఆత్రం. పుస్తకం పురుగులున్న తట్ట అంచున పెట్టగానే అవ్వకు వాసన తగిలింది.

“యాడ తెచ్చినావే దీన్ని?”

“లైబ్రరీది అవ్వా. పురుగు పట్టకుండా మందు చల్లుతారంట.”

“మరి ఇవి పురుగులు కావా? బయటికి పో!”

పక్కనే ఆకు వేస్తున్న నాయన ఆ తట్టను వేరుచేశాడు. పురుగులు కదల్లేదు. నేను పుస్తకం ఇంట్లో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాక ముగ్గురం ఆ తట్ట దగ్గరే కూర్చున్నాం. సాయంత్రం అవి ఆకు కొరికాకే నాయన నా వైపు చూశాడు.

ప్రాణులన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయన్న ఆ పుస్తకంలోని వాక్యం నిన్నటిదాకా నాకెంతో అందంగా కనిపించింది. పుస్తకాల పురుగుకు చల్లిన మందు మా పురుగులదాకా వచ్చిన ఆ తట్ట ముందు అదే వాక్యం వణికించింది. మీకు నచ్చిన వాక్యం ఎప్పుడైనా ఇలా భయపెట్టిందా?