దొరసాని ఇచ్చిన పేరు

మొన్న కొవ్వూరులో రైలెక్కి కొత్త వంతెన మీదుగా రాజమండ్రి వెళ్లినప్పుడు, ఈమధ్యే అక్షరాలు నేర్చిన మనవరాలు మిషను సమాధుల తోటలో ఒక చిన్న రాతి మీద తెలుగులో చెక్కిన పేరు కూడబలుక్కుని, తాతా ఇది నీ పేరేనని బిత్తరపోయింది. అవును, లేబెరెక్ట్, నా పేరే. చేపలు పట్టుకు బతికే మా ఇంటికి ఆ జర్మనీ పేరు ఎలా వచ్చిందో దానికి అక్కడే చెప్పవలసి వచ్చింది.

నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. అలాంటి ఇంట బిడ్డ పుడితే పెంట మీద దొర్లించి పెంటయ్య అనో, తవుడుకి అమ్మినట్టు చేసి తవిటయ్య అనో పిలిచేవారని మన ఈడు వాళ్లకి చెప్పనక్కరలేదు. నాయనమ్మ పెంటయ్యకే పట్టుబట్టింది. అమ్మకి మనసొప్పక, పడవలో గోదావరి దాటి తాను చేపలమ్మే మిషను బంగళాలో, తెలుగు నేర్చిన జర్మనీ దొరసానిని మంచి పేరొకటి చెప్పమంది. ఆవిడ చెప్పిన పేరిది. వాళ్ల దేశంలో ముత్తాతల నాడు భక్తిపరులు బిడ్డలకి బుద్ధి చెబుతున్నట్టు పెట్టుకున్న పేర్లలో ఒకటట, ఇప్పుడు అక్కడా అరుదేనట. మొదటి సగానికి బతుకు అని, రెండో సగానికి ధర్మంగా అని అర్థమట. అమ్మ మొదటి సగమే విన్నది. బిడ్డని బతుకు, బతుకు అని రోజుకి వందసార్లు పిలవొచ్చంటే ఏ తల్లి వదులుకుంటుంది? రెండో సగం బరువు నా మీద పడిందని పెద్దయ్యాక తెలిసింది.

మూడో నెలలో నాకు జ్వరం తగిలినప్పుడు, అది దొరసాని కొడుకు పేరనీ, ఆ పిల్లవాడు నాలుగేళ్లకే పోయాడనీ బంగళా వంటమనిషి చెప్పింది. నాయనమ్మ శాపనార్థాలు పెట్టింది. అమ్మ ఒళ్లు కాలిపోతున్న నన్ను చంకనేసుకుని ఏరు దాటి వెళ్లి, మా వాడికి ఆ పేరెందుకిచ్చారని అడిగేసింది. దొరసాని నా నుదుటి మీద చెయ్యి వేసి చూసిందట.

"ఆ పేరుతో పిలవడానికి నాకిక ఎవరూ లేరండి. మీరు పిలుస్తుంటే విందామని," అన్నదట.

ఇద్దరూ ఏడ్చారు. ఆవిడ మందో, నాయనమ్మ మొక్కో, నేను బతికాను, పేరూ నిలిచింది. ఆ తరవాత బంగళా గేటు దగ్గర చేపలోయ్ అని కేకేసే ముందు, అమ్మ చంకలో ఉన్న నన్నే పేరు పెట్టి గట్టిగా పిలిచేదట.

ఇప్పుడు అమ్మ లేదు, దొరసాని లేదు, ఆ రేవులో పడవలూ పలచబడ్డాయి. అందరికీ నేను తాతనో పెద్దాయననో తప్ప, ఆ పేరుతో పిలిచే నోరు లేదు. ఒక్కసారి పిలవమని మనవరాలిని అడిగాను. తాతని పేరు పెట్టి పిలవకూడదంది. కావాలంటే రాతి మీద ఉన్నది చదువుతానని, వేలు పెట్టి గట్టిగా చదివింది.

నేను ఊఁ అన్నాను.