తోలు టోపీ మామ

మొన్న శుక్రవారం నమాజు అయ్యాక సౌదీలో, అల్ ఖర్జ్‌లోని మా డెయిరీ ఫారం మెస్సులో భోజనం చేస్తూ ఉంటే, పక్క బల్ల దగ్గర కొత్తగా వచ్చిన తెలంగాణ డ్రైవరు కుర్రవాళ్ళు ఒక కథ చెప్పుకుంటున్నారు. "పులిని ఒట్టి చేతులతోని చంపిండట, దాని తోలుతోనే టోపీ కుట్టించుకున్నడట, ఇంటికి వొయి మినిస్టర్ గూడ అయిండట" అని ఒకడు చెబుతుంటే మిగిలినవాళ్ళు తినడం మానేసి వింటున్నారు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వాళ్ళు చెప్పుకునేది మా మామ గురించి, మా అమ్మకు స్వయానా తమ్ముడి గురించి. ఆయన ఈ ఊరి మట్టిలోనే కలిసి చాలా ఏళ్ళయిందని ఆ పిల్లలకు తెలియదు.

మాది కడప వైపు, నీళ్ళకు మొహం వాచిన పల్లె. మా దూదేకుల ఇళ్ళలో గల్ఫు దారి పట్టిన మొదటివాడు మామే. ఆయన వెనకే నేనూ వచ్చి ఇదే ఫారంలో పాలు చల్లబరిచే యంత్రాల పనిలో చేరాను. మామ నీళ్ళ ట్యాంకరు నడిపేవాడు. మనిషి బక్కపలచన, నోరు మాత్రం పెద్దది. ఎండైనా చలైనా ఒక పఠాన్ మిత్రుడిచ్చిన గోధుమరంగు ఉన్ని టోపీ నెత్తి మీంచి తీసేవాడు కాదు. ఒక చలికాలం పొద్దున ట్యాంకరు కింద దూరిన జంతువునొకదాన్ని ఇనపరాడ్డుతో అదిలించి తరిమాడు. నేను అక్కడే ఉన్నాను, అది వీధికుక్క. ఆ కుక్క రియాద్ చేరేసరికి తోడేలైంది, మదీనా హోటళ్ళలో పనిచేసే మనవాళ్ళ నోట పడి మామ చేతిలో చచ్చిపోయింది, ఖమీస్ ముషైత్ కొండల దాకా పోయేసరికి చిరుతపులై దాని తోలు మామ నెత్తికెక్కింది. ఎవరైనా అడిగితే మామ ఔననేవాడు కాదు, కాదనేవాడూ కాదు, టోపీ సర్దుకుని మీసాల్లో నవ్వుకునేవాడు.

నిజంగా ఆయన చేసిన ఘనకార్యం ఒకటుంది గానీ, విచిత్రమేమిటంటే దాన్ని ఎవరూ చెప్పుకోరు. ఒకసారి ఇసుకగాలి లేచి పట్టపగలే చీకటైపోయి, పనివాళ్ళ బస్సులు దారిలో దిక్కుతోచక ఆగిపోతే, మామ ట్యాంకరు తలుపు తెరిచి పట్టుకుని, తల బయటికి వంచి, రోడ్డంచున ఉన్న తెల్లగీతను చూసుకుంటూ నడక వేగాన ముందు కదిలాడు. ఆ ట్యాంకరు వెనక దీపాలను చూసుకుంటూ బస్సులన్నీ క్యాంపు చేరాయి. ఆ తర్వాత ఎన్నో రోజులు ఆయన కళ్ళు ఎర్రగానే ఉన్నాయి.

దేశం కాని దేశంలో అందరికీ నీళ్ళు మోస్తున్నాను, మా ఊళ్ళో మా ఆడవాళ్ళు బిందెలు మోస్తున్నారు, ఇదేం బతుకు అని బెంగపెట్టుకుని మామ ఇక తిరిగి రానని పాస్‌పోర్టులో ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. పులిని చంపినవాడన్న పేరు ఆయన కంటే ముందే ఊరు చేరింది కనుక సర్పంచుగా సునాయాసంగా గెలిచాడు. బోర్లు వేయించాడు, ట్యాంకు కట్టించాడు, కానీ పైపులు సగం ఊరికే వచ్చాయి. తక్కిన సగానికి కూడా వేయించి కన్ను మూయాలన్నదే ఆయన కోరిక, అందుకే మళ్ళీ నిలబడ్డాడు.

ఆ ఎన్నికల సభనాటికి నేను సెలవులో ఊళ్ళోనే ఉన్నాను. మామ మాట్లాడి మాట్లాడి చివరికి గుండె మీద చెయ్యి వేసుకుని, "ఇంగ మీరేం భయపడాకండి, మీ అందరికీ నేనే కఫీల్" అన్నాడు. సౌదీలో మామకు వీసా ఇచ్చి పనికి తెచ్చుకున్న కఫీల్, అంటే యజమాని, తన బిడ్డలతో పాటు కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిన పెద్దమనిషి కాబట్టి, ఆయనకు ఆ మాటంటే అండ. కింద కూర్చున్న తల్లులకూ పెళ్ళాలకూ మాత్రం కఫీల్ అంటే తమవాడి పాస్‌పోర్టు బీరువాలో దాచుకుని ఇంటికి పంపనివాడు. చప్పట్లు రాలేదు. ముందువరసలోంచి ఒక పెద్దమ్మ లేచి, "మావోడ్ని వాళ్ళ నాయన శవాన్ని గూడా చూడనియ్యనోడు కఫీలే గదా నాయనా, నువ్వూ మమ్మల్ని అట్లే పట్టి పెట్టుకుంటావా?" అంది. అంత నోరున్న మనిషీ టోపీ సర్దుకుని వేదిక దిగిపోయాడు. మర్నాడు అవతలిపక్షం వాళ్ళు, కఫీల్‌కు ఓటేస్తే మీ రేషన్ కార్డులు లాక్కుంటాడని ఇల్లిల్లూ తిరిగారు. పైపు రాని సగమే కాదు, వచ్చిన సగమూ మామను కాదంది.

"మీ ఊరు మీరే ఏలుకోండి, నేను ఎడారికి పోతాండా" అని పంచాయతీ ఆఫీసు మెట్ల మీద అరిచి, అన్నట్టే తిరిగి వచ్చేశాడు. పాత కఫీల్ అప్పటికే పోయాడు, తండ్రి మీది గౌరవంతో కొడుకు వీసా ఇచ్చాడు గానీ, ట్యాంకరు నడిపే వయసు దాటిందని గేటు దగ్గర కూర్చోబెట్టాడు. టోపీ పెట్టెలోకి వెళ్ళిపోయింది. తర్వాత గుండెజబ్బుతో మంచాన పడితే ఆసుపత్రిలో గోదావరి వైపు నర్సమ్మ ఒకామె ఆయనను సొంత మనిషిలా చూసుకుంది. ఒకరోజు సెలైను మారుస్తూ, "బాబాయ్ గారండీ, పులిని చంపిన తోలు టోపీ సర్పంచి మీరేనటండీ?" అని ముచ్చటగా అడిగింది. మామ మొహం గోడవైపు తిప్పుకుని, "కాదమ్మా, ఆయప్ప వేరే" అన్నాడు. పులి కథనైనా ఏనాడూ కాదనని మనిషి తనను తానే కాదనుకుంటే నేను అక్కడ నిలవలేక వరండాలోకి వెళ్ళి ఏడ్చాను. ఆ వారమే పోయాడు. ఇక్కడి సమాధులకు పేర్లుండవు.

మొన్న మెస్సులో ఉండబట్టలేక ఆయన మా మామ అని చెప్పాను. "ఔ చాచా, గట్ల చెప్పేటోళ్ళు మస్తుమంది ఉన్నరు" అని పిల్లలు నవ్వారు. ఇప్పుడు ఇసుకగాలి లేస్తే వాళ్ళు బండి పక్కకు తీసి ఫోను చూసుకుంటారు, ఒక రకంగా అదే మేలు. మా ఊళ్ళోనూ ఇప్పుడు ఇంటింటికీ కుళాయి వచ్చిందట. ఫోనులో చెల్లెలు ఆ మాట చెప్పినప్పుడు సంతోషం పట్టలేక, మామను ఎవరైనా తలుచుకుంటున్నారా అని అడిగాను. ఎందుకు తలుచుకోరు, కఫీల్ సర్పంచి అని చెప్పుకుని నవ్వుకుంటారంది. అక్కడ ఆయన కఫీల్, ఇక్కడ పులిని చంపిన మంత్రి. తలుపు తెరిచి, కళ్ళనిండా ఇసుక కొట్టించుకుంటూ, తెల్లగీత పట్టుకుని అందరినీ ఇల్లు చేర్చిన మా మామ మాత్రం నాకొక్కడికే మిగిలాడు, నాకూ ఫైనల్ ఎగ్జిట్ దగ్గరపడింది.