జూలియస్‌కి ఇరవై మూడు పోట్లు

మూడు నెలల పసివాణ్ణి నేను ఒకసారి నిండు సంఘంలో, ప్రసంగ పీఠం దగ్గర నిలబడి, ఇరవై మూడు పోట్లు పొడిపించాను.

కంగారు పడకండి. పసివాడు క్షేమం. ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు, సైకిలు మీద నన్ను దాటి వెళ్తూ కావాలని బెల్లు కొడతాడు. ఆ రోజు చచ్చింది నా పరువు ఒక్కటే. దాని భూస్థాపన ఎలా జరిగిందో చెబుతాను. పూలదండలు తేనక్కర్లేదు, నవ్వితే చాలు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. ఖరగ్‌పూర్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో నన్నందరూ క్విజ్ బాబు అనేవారు. లేఖన క్విజ్ పోటీల్లో వరసగా మూడేళ్ళు మూడు షీల్డులు తెచ్చినవాణ్ణి మరి. నోవహు ఓడ పొడవెంత, గొల్యాతు ఎత్తెంత, మెతూషెల బతికిన ఏళ్ళెన్ని అని నిద్రలో అడిగినా చెప్పేవాణ్ణి. నాశనానికి ముందు గర్వం నడుస్తుందన్న మాట కూడా నాకు అధ్యాయంతో సహా వచ్చు. అది నడుస్తున్నది నా ముందే అన్న సంగతి మాత్రం తెలియదు. నిండు కుండ తొణకదంటారు. నేను కుండని కూడా కాదు, చిల్లుల గరిటెని.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. బిడ్డను దేవునికి ప్రతిష్ఠించే ఆదివారం దాకా పేరు బయట పెట్టరు. ఆ రోజు పేరు చెప్పాక, ఒకరు లేచి ఆ పేరు పూర్వం ఎవరెవరు మోశారో ఐదు నిమిషాలు చెప్పాలి. దాన్ని పేరు సాక్ష్యం అంటాం. అది విని సంఘమంతా ఆమేన్ అంటే ఆ పేరు స్థిరం. కుటుంబంలో ఎవరైనా లేచి "ఆగండి" అంటే మాత్రం పేరు పక్కన పడిపోతుంది. మా తాతల కాలం నుంచి ఆ మాట అన్నవాళ్ళు లేరు. ఆ కీర్తి నా హయాంలో ముగిసింది.

ఆ పసివాడి తాత మా సంఘానికి పెద్ద దిక్కు, రిటైరైన మెయిల్ గార్డు. అందరికీ గార్డు తాత. ఆయన భార్య అందరికీ గార్డు మామ్మ. రైల్వేలో ఫోను మీద సందేశం అందుకున్నవాడు దాన్ని తిరిగి అప్పజెప్పాలి, అప్పజెప్పనిదే బండి కదలదు. తాత ఆ రూలును ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. మామ్మ చేపలు తెమ్మంటే "అర కిలో, పార్శే, ఖరిదా బజారు" అని తిరిగి చెప్పిగాని చెప్పులు తొడిగేవాడు కాదు.

శుక్రవారం సాయంత్రం తాత నన్ను తన ఇంటి గేటు దగ్గర ఆపాడు. మనవడికి తనొక పేరు అనుకున్నాడట. కోడలి తండ్రి, రాజమండ్రిలో చరిత్ర మాస్టారుగా చేసి రిటైరైన ఆయన, రయాన్ అని పెట్టాలని పట్టుబడుతున్నాడట. కోడలు సునీత ఇద్దరి మధ్యా నలిగిపోయి, సాక్ష్యం విన్నాక చూద్దాం అందట.

"అంతా నీ సేతిలో ఉన్నాది, బావు," అన్నాడు తాత. "పేరు జూలియస్. ఇన్నావా? ఏ జూలియస్సో ఇప్పుడు సెప్తాను, ఇను."

"తెలుసు తాతా."

"ఏటి తెలుసు? నానింకా సెప్పందే?"

"జూలియస్ గురించి నాకు ఒకరు చెప్పాలా? నువ్వు నిశ్చింతగా పడుకో."

"సరే, ఓపాలి రిపీట్ సెయ్."

"జూలియస్," అన్నాను, పెడల్ మీద కాలు పెట్టి.

"అది ఇంజినొక్కటే గదరా. ఎనక పెట్టెలేవీ?"

అప్పటికే నేను మలుపు తిరిగిపోయాను. వింటే వాక్యమే వినాలి, అదీ చివరిదాకా వినాలి అని సండే స్కూల్లో పిల్లలకి చెప్పేది నేనే సుమండీ.

అక్కణ్ణుంచి నేరుగా హిజ్లీ వెళ్ళి, ఐఐటీ క్యాంపస్‌లో పనిచేసే స్నేహితుడి చేత రోమ్ చరిత్ర పుస్తకం ఒకటి తెప్పించాను. పట్టాల కింద వేసే స్లీపరంత దిమ్మ. శనివారం పొద్దున్నుంచి దాని మీద పడ్డాను. చదివేకొద్దీ నా ఛాతీ పొంగింది. ఈ పేరుకి ఎంత వంశం, ఎంత వైభవం! సేనానులు, పోపులు, కవులు కావ్యాలకెక్కించిన మనుషులు, చివరికి ఆఫ్రికాలో ఒక దేశాన్ని నడిపించిన బడిపంతులు కూడా. ఎనిమిది పేజీలు రాసుకున్నాను. ఇన్ని పేజీల్లో లేఖనం ఒక్కటీ లేదే అన్న అనుమానం ఒకసారి తొంగిచూసింది. సీజరునే కదా లేఖనం కైసరు అంటుంది అని దాని నోరు నొక్కేశాను.

ఆదివారం వచ్చింది. హాలు నిండింది. ముందు బెంచీలో తాత ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాలో, పక్కన మామ్మ, ఆవిడ పక్కన సునీత ఒడిలో జుట్టన్నదే లేని పసివాడు. అటు చివర రాజమండ్రి మాస్టారు కండువా సర్దుకుంటూ కూర్చున్నారు. పాస్టరు అయ్యగారు పేరు ప్రకటించి నన్ను పిలిచారు. నేను గొంతు సవరించుకున్నాను.

మొదలు బ్రహ్మాండంగానే ఉంది. దేశాలకు దేశాలు గెలిచినవాడు, పంచాంగాన్నే సరిచేసినవాడు, జులై నెల తన పేరు మోస్తున్నవాడు అన్నాను. మాస్టారు కూడా తల ఊపారు. తరవాత నాకు చనువెక్కువైంది. ఆయనకీ మన బాబులాగే బట్టతల అని, అది దాచుకోవడానికే ఎప్పుడూ ఆకుల కిరీటం పెట్టుకునేవాడని చెప్పాను. అక్కడక్కడా నవ్వులు వినిపించాయి. నవ్వు వినిపించిన వక్తా, కల్లు వాసన తగిలిన ఈగా ఒకటే, వెనక్కి రావు.

అక్కణ్ణుంచి ఆయన్ని రోమ్ పెద్దల సభలోకి నడిపించాను. చుట్టూ స్నేహితులు. ఒక్కొక్కరి అంగీలో ఒక్కొక్క కత్తి.

సరిగ్గా అప్పుడు గార్డు తాత రెండు చేతులూ తల మీదికి ఎత్తాడు.

విశ్వాసులకి ఈ భంగిమ తెలుసు. ఆత్మ పూర్ణుడై స్తుతిస్తున్నాడనుకున్నాను. నా కళ్ళు చెమర్చాయి. గొంతు పెంచి మొదటి పోటు పొడిపించాను. తాత వెనక, పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఒకడు చేతులెత్తాడు. ఐదో పోటుకి ఇద్దరు డ్రైవర్లు ఎత్తారు. పదో పోటుకి రిటైరైన స్టేషన్ మాస్టరు కూడా ఎత్తి గాలిలో ఊపుతున్నాడు. మా సంఘంలో ఉజ్జీవం మొదలైంది, అదీ నా ద్వారా మొదలైంది అనుకున్నాను.

రైల్వే ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి. చేతిలో జెండా లేనప్పుడు బండిని ఆపాలంటే రెండు చేతులూ పైకెత్తుతారని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. అది డేంజర్ సిగ్నల్. సగం హాలు నాకు డేంజర్ చూపిస్తుంటే నేను స్పీడు పెంచుతున్నాను.

ఇరవై మూడూ పూర్తి చేశాను. "ఆయన నాటకాల్లో నేటికీ, టిక్కెట్టు కొన్న ప్రతివారి ఎదుటా మళ్ళీ మళ్ళీ చస్తూనే ఉన్నాడు," అని ముక్తాయించాను. ఇంకా ఊపు ఆగక, కవచం తొడిగి యుద్ధానికి వెళ్ళిన పోపు జూలియస్ దగ్గరికి వచ్చాను. పోపు అంటే మా సంఘంలో చాలామందికి ఆవాలూ ఎండుమిరపకాయలే. ఆ రెండూ ఎందుకు యుద్ధానికి వెళ్ళాయో అర్థంకాక మొహాలు చూసుకున్నారు.

రాజమండ్రి మాస్టారు లేచారు.

"ఆగండి," అన్నారు.

తాతల నాటి కీర్తి ఆ ఒక్క మాటతో పోయింది.

"బ్రదర్‌గారూ, మీరు చెప్పిందంతా నిజమేనండి. ముప్ఫై ఏళ్ళు నేనూ అదే పాఠం చెప్పానండి. కానీ స్నేహితుల చేత పొడిపించుకోమని నా మనవడికి పేరు పెట్టి మరీ దీవిస్తారాండి?"

సునీత పసివాణ్ణి గుండెకి గట్టిగా హత్తుకుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు చూశాక నా ఎనిమిది పేజీలూ మడిచి జేబులో కుక్కుకున్నాను. తాత కోరిన పేరు నా మూలంగా పట్టాలు తప్పి పక్కకి ఒరిగిపోయింది.

తాత నెమ్మదిగా లేచి పీఠం దగ్గరికి వచ్చాడు. నన్ను నలుగురిలో కడిగేస్తాడని తల వంచుకున్నాను.

"తప్పు ఈ గుంటడిది కాదు," అన్నాడు. "నాను సందేశం సగమే ఇచ్చినాను. మిగతా సగం ఇప్పుడిస్తాను."

చూశారా, అదీ గార్డంటే. తరవాత తన మాటల్లో ఆయన చెప్పింది ఇది. పౌలును ఖైదీగా రోమాకు తీసుకుపోయే ఓడ ఎక్కిన శతాధిపతి పేరు జూలియస్. మన గ్రంథంలో యూలి అని ఉంటుంది. అతను రాజు కాదు, ఓడ నడిపేవాడు కాదు. వెంట ఉండి మనుషుల్ని గమ్యం చేర్చడమే అతని పని. దారిలో పౌలును స్నేహితుల దగ్గరికి వెళ్ళి రానిచ్చిన దయగలవాడు.

"ఆడూ ఓపాలి మాట ఇనలేదు," అన్నాడు తాత, నా వైపు చూడకుండా. "ఎల్లొద్దని పౌలు సెప్పినా ఇనకుండా ఎల్లినాడు. తుఫాన్లో పడినాడు. అయినా దేవుడు ఆడికి ఇంకో సిగ్నలిచ్చినాడు. ఓడ ఇరిగిపోతన్నప్పుడు సైనికులు ఖైదీలందర్నీ సంపీదామన్నారు. ఈడు అడ్డమెల్లినాడు. ఈతొచ్చినోల్లని ముందు దూకమన్నాడు, రానోల్లని సెక్కలు పట్టుకోమన్నాడు. మా నాన్న గార్డు, నాను గార్డు. ముప్పయ్యారేళ్ళు ప్రతి డ్యూటీకీ ముందు నాను తలుసుకున్నది ఈ జూలియస్సునే."

పాయింట్స్‌మన్ చేతులు దించాడు. డ్రైవర్లిద్దరూ నిటారుగా కూర్చున్నారు. ఆ హాల్లో ఒక్కొక్కరూ ఆ ఓడలో తమ డ్యూటీ ఏదో వెతుక్కుంటున్నట్టు కనిపించారు. నేను పుట్టిన ఊరి మీద, ఆ బెంచీల మీది మనుషుల మీద నాకు ఆనాడు కలిగినంత గర్వం మూడు షీల్డులు ఎత్తినప్పుడు కూడా కలగలేదు.

సునీత తలెత్తింది. "అందరూ ఒడ్డుకి చేరారా, మావయ్యగారూ?"

"అందరూనమ్మా."

"రెండు వందల డెబ్బై ఆరు మంది," అన్నాను, అలవాటుకొద్దీ.

ఆ ప్రశ్నకే మొదటి షీల్డు గెలిచాను. ఓడలో ఎందరు, నీటి లోతెంత, గాలి పేరేమిటి, అన్నీ వచ్చు. వాళ్ళను ఒడ్డెక్కించినవాడి పేరు అదే అధ్యాయం మొదటి వచనంలో ఉంది, అది మాత్రం నాకు పట్టలేదు. అంకెలడిగేవాళ్ళే గాని ఆయన్ను ఎవరూ అడగలేదు మరి.

"అయితే నాకు ఆ పేరే కావాలి నాన్నా," అంది సునీత.

మాస్టారు కండువా సర్దుకున్నారు. "నా చరిత్ర పుస్తకాల్లో ఈయన లేడండి," అన్నారు. "ఉండాల్సినవాడండి." తన "ఆగండి"ని వెనక్కి తీసుకుని, అందరికన్నా ముందు ఆమేన్ అన్నది ఆయనే.

భోజనాల దగ్గర తాత నాకు చార్జిషీటు ఇచ్చాడు. బతికినన్నాళ్ళూ ఏ సందేశమైనా తిరిగి అప్పజెప్పాలన్నది శిక్ష. అప్పీలుకి పోలేదు.

రెండేళ్ళకి సునీతకి ఆడపిల్ల పుట్టింది. తాత మళ్ళీ నన్నే పిలిచాడు. ఈసారి సైకిలుకి తాళం వేసి, చెప్పులు విడిచి, నోటు పుస్తకం తెరిచి కూర్చున్నాను.

"పేరు జూలియా," అన్నాడు.

"జూలియా," అని అప్పజెప్పాను. అక్కడ ఆగితే నేను నేనెందుకవుతాను? "రోమా సంఘానికి రాసిన పత్రిక చివర, పౌలు వందనాలు అందుకున్న జూలియా. అంతా లేఖనంలోంచే తాతా, ఈసారి ఒక్క కత్తి కూడా లేదు."

తాత నన్ను జాలిగా చూసి, వంటింటి వైపు తిరిగాడు. "ఏమే, ఏ జూలియావో ఈడికి నువ్వే సెప్పు."

గరిటెతో గార్డు మామ్మ బయటికి వచ్చింది.

"నానేరా, బావు. జూలియమ్మని. ఇరవయ్యేల్ల నుంచి నా సేతి సేపల పులుసు తింతన్నావు, ఓపాలైనా నా పేరడిగినావా?"

అడగలేదు. మెతూషెల తాత పేరు అడిగి తెలుసుకున్నాను గాని, అన్నం పెట్టినావిడ పేరు అడగలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చలో ఒకసారి, వంటింట్లో ఒకసారి, రెండు చోట్లా ఓడాను.

ఒట్టు పెట్టుకోకూడదని లేఖనం, అందుకని ఇది ఒట్టు కాదు, తీర్మానం. సంఘస్థులారా, చదువరులారా, ఇకమీదట ఏ పేరు విన్నా రోమ్ దాకా పోయేముందు వంటింట్లోకి తొంగిచూస్తాను. చెప్పేవారు ఆఖరి పెట్టె దాటేదాకా "తెలుసు" అన్న మాట నా నోట రాదు. రెండు చేతులూ పైకెత్తి మరీ చెబుతున్నాను. స్తుతి అనుకుంటారో, డేంజర్ అనుకుంటారో మీ ఇష్టం.