లెక్కలో లేని తొమ్మిది వక్కలు

దయ్యాలంటే నాకు ఎన్నడూ నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. మా ఇంట్లో పిల్లలెవరైనా దయ్యం మాట ఎత్తితే చీపురు చేతికిచ్చి వాకిలి ఊడ్వమంటాను. పని తక్కువైన వాళ్లకే భయపడటానికి తీరిక ఉంటుంది. భయమని దీపం ఆర్పకుండా పడుకునే వాళ్లను చూస్తే నా ధ్యాస దయ్యం మీదికి పోదు, నూనె మీదికి పోతుంది.

అయినా ఈ సంగతి రాస్తున్నాను. నేను చదివింది రెండో తరగతి. రాతలో తప్పులుంటే మీరే దిద్దుకోండి. సంగతిలో మాత్రం తప్పు లేదు.

అది నిజాం సర్కారు కాలం. ఎక్కడో పెద్ద యుద్ధం నడుస్తోందని ఇక్కడ మాకు ఇనుము, కిరసనాయిలు, గుడ్డ ఏదీ సరిగ్గా దొరికేది కాదు. నాకు పదిహేడేళ్లు. ఇబ్రహీంపట్నానికి కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. అత్తను నేను చూడలేదు, నా పెళ్లికి ముందే ఆమె పోయింది. ఇంట్లో మా ఆయన, నేను, మా మామ రంగయ్య. దొడ్లో గౌరి అనే బర్రె. మా ఆయన పొద్దున్నే బండి కట్టుకొని పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవారు.

మామ అంతకుముందు గిర్దావరు దగ్గర చప్రాసీ. గిర్దావరంటే ఊరూరు తిరిగి భూములు చూసే సర్కారు మనిషి. ఆయన వెంట తిరిగినన్నాళ్లూ మామ ఒక పిచ్చి పెంచుకున్నారు. ఏ ఊళ్లో కొత్త రకం అడకత్తెర కనబడినా ఎట్లాగో సంపాదించి తెచ్చుకోవడం.

నేను వచ్చేనాటికి అవి ఇరవై ఆరు. చిలకలవి, గుర్రం తలవి, గజ్జెలు కట్టినవి. మొగుడూ పెళ్లాం ఎదురెదురుగా నిలబడ్డట్టు ఒకటి ఉండేది, నొక్కితే ఇద్దరి నెత్తులూ ఢీకొనేవి. నడి గోడకు ఇత్తడి నెమలి. దాని పింఛం చూడటానికే పక్క వీధుల వాళ్లు వచ్చేవారు. వీటన్నిటినీ చింతపండుతో తోమే పని నాది. ఒక్క వక్క కొట్టని వాటికి ఇంత చింతపండా అని నాకు కడుపు మండేది. ఎందుకంటే అత్త పోయిన నాటి నుంచి మామ వక్క నోట్లో వేసుకోలేదు.

నాదర్‌గుల్ నుంచి కాసిం సాబ్ అని మామ స్నేహితుడు వచ్చేవారు. ఆయనకూ ఇదే పిచ్చి. అడకత్తెరను ఆయన సరోతా అనేవారు. ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారంటే బేరమే బేరం.

“రంగన్నా, బాభీ సరోతా ఒక్కటి ఇయ్యి. నా రెండు చిలకలు తీస్కో. గుర్రం భీ తీస్కో.”

“ఏదన్న అడుగు భాయ్. గది అడగకు.”

“పోనీ, అమ్ముతవా?”

“నన్ను అమ్ముత. కొంటవా?”

“నిన్ను కొని నేనేం జేసుకోవాలె? వక్క భీ కొరకలేవ్!”

తలుపు చాటున నేను నవ్వుకునేదాన్ని. బాభీ సరోతా, అంటే మా అత్త అడకత్తెర, ఆ ఇత్తడి నెమలే అనుకున్నాను. ప్రాణంగా చూసుకునే వస్తువు అందమైనదే అయ్యుంటుందని ఎవరైనా అనుకుంటారు కదా.

అడిగి తెలుసుకోవచ్చు కదా అంటారేమో. అప్పట్లో మా ఇళ్లలో కోడలు మామకు ఎదురుపడి మాట్లాడకూడదు. చెప్పాల్సింది ఏమన్నా ఉంటే మధ్యలో ఇంకొకరు ఉండాలి. మా ఇంట్లో పగలు ఇంకొకరు లేరు. అందుకని ఇద్దరం బర్రెతో మాట్లాడేవాళ్లం.

“గౌరీ, బియ్యం నిండుకున్నయే” అని నేను దొడ్లో నుంచి అనేదాన్ని.

“గౌరీ, రేపు తెస్తనని చెప్పు” అని మామ అరుగు మీద నుంచి అనేవారు.

గౌరి నెమరు వేస్తూ ఇద్దరి మాటా వినేది. ఏ సంగతీ బయట పెట్టలేదు.

ఇక నా తప్పు చెబుతాను. వెనక అర్రలో గూట్లో ఒక నల్లటి ఇనుప అడకత్తెర ఉండేది. దాని మీద చిలకా లేదు, చెక్కడమూ లేదు. అంచు నడుమ జొన్నగింజంత పెచ్చు ఊడిపోయింది. గోడకు ఎక్కడానికి పనికిరాక అక్కడ పడేశారని నా అంచనా.

బొంగులూరు నుంచి గిన్నెల బాలమ్మ గంప నెత్తిన పెట్టుకొని వచ్చింది. పాత ఇనుము ఇస్తే కొత్త సత్తు గిన్నె ఇస్తుంది. నేను విరిగిన కొడవలి, అడుగు పోయిన మూకుడు తెచ్చి వేశాను.

“ఇంకింత ఏస్తె గిన్నె నీదే చెల్లె. చూడు, అద్దం లెక్క ఉన్నది” అంది బాలమ్మ.

నాకు గూట్లో ఉన్నది గుర్తొచ్చింది. తెచ్చి వేశాను. ఇరవై అయిదు అందమైనవి ఉండగా పెచ్చు ఊడినది పోతే ఏమిటి అనుకున్నాను. ఆ రోజంతా ఆ గిన్నెలో మొఖం చూసుకుంటూ మురిసిపోయాను.

మరునాడు పగటి అన్నాలయ్యాయి. నేను దొడ్లో బూడిదతో గిన్నెలు తోముతున్నాను. వెనక అర్రలో నుంచి టక్ మని చప్పుడు. కొంచెం ఆగి ఇంకోసారి టక్. అంతే. వక్క కొట్టిన చప్పుడది. అరుగు మీద కునుకు తీస్తున్న మామ లేచి కొట్టుకుంటున్నారు కాబోలు అనుకుని నా పని నేను చేసుకున్నాను.

కాసేపటికి అరుగు మీద నుంచి మామ గొంతు వినిపించింది.

“గౌరీ, వక్క మంచిగున్నదే. ఎన్నొద్దులకో నోట్లె పడ్డది. రేపు ఆకులు తెస్తనని చెప్పు.”

నాకు అనుమానం వచ్చింది. వక్కల డబ్బాకు తాళం ఉంది, తాళపుచెవి నా బొడ్లో ఉంది. మరి ఈ వక్క ఎక్కడిది? లోపలికి పోయి డబ్బా తెరిచి లెక్క పెట్టాను. చుట్టాల కోసం తెచ్చినవి నలభై. నలభై ఉన్నాయి. అయితే ముసలాయన బయట నుంచి కొని తెచ్చుకుంటున్నారన్న మాట. ఇంట్లో ఉండగా బయట కొనడం ఏమిటని ఒళ్లు మండింది. కానీ బర్రెతో కూడా ఆ మాట అనలేకపోయాను.

రోజూ అదే వరస. పట్టపగలు, అన్నాలయ్యాక, రెండు దెబ్బలు. తర్వాత మామ తలగడ పక్కన చిన్న ఇత్తడి పళ్లెంలో మూడు ముక్కలు. మామ మొఖంలో కళ వచ్చింది. అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తినసాగారు. ఒకరోజు కూనిరాగం కూడా తీశారు. నేను రోజూ డబ్బా తెరిచి చూసేదాన్ని. రోజూ నలభయ్యే.

తొమ్మిదో రోజు పగలు కాసిం సాబ్ వచ్చారు. మామ ఆయన ముందు పళ్లెం పెట్టారు. కాసిం సాబ్ ఒక ముక్క తీసి నోటి దాకా తెచ్చి ఆగిపోయారు. వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూశారు.

“రంగన్నా, ఇది బాభీ సరోతా తోని కొట్టిన వక్క. చూడు, నడుమ గీత పడ్డది. ఆ పెచ్చు ఊడిన కాడ పడే గీతనే గిది. ఎవలకియ్యనంటివి గద, కోడలుకు ఇచ్చినవా?”

“నేనియ్యలె భాయ్. పిల్లనే తీస్కున్నది. ఆమె కొట్టినట్టే రెండు దెబ్బలకు మూడు ముక్కలు కొడుతున్నది. ఇగ నేనేమంట? ఆమె చేతి వక్క మళ్ల తింటనని అనుకోలె.”

తలుపు వెనక నిలబడి అంతా విన్నాను. పెచ్చు ఊడినదా! ఇన్నాళ్లూ ఇవ్వనన్నది నెమలిని కాదా!

“గౌరీ, గది జర తెమ్మని చెప్పు. కాసిం భాయ్ చూస్తడంట” అన్నారు మామ.

నేను పిసినారిదాన్నే గానీ అబద్ధాలకోరును కాను. కొంగు సర్దుకొని అరుగు మీదికి వచ్చాను. కాపురానికి వచ్చాక మామ ముందు నిలబడటం అదే మొదలు.

“మామా, గది లేదు. తొమ్మిది దినాల కింద బాలమ్మకిచ్చి సత్తు గిన్నె తీస్కున్న. మీదని నాకెర్క లేదు.”

మామ పళ్లెంలోకి చూసి, నా వైపు చూశారు. అప్పుడు అడిగారు.

“మరి వక్కలు దేనితోని కొడుతున్నవ్ బిడ్డా?”

“నేను కొడుతలేను మామా. మీరు గద కొడుతున్నది?”

“నేనెక్కడ కొట్టిన! నేను పండుకొని లేస్తుంటె పళ్లెం నా పక్కన ఉంటున్నది.”

కాసిం సాబ్ చేతిలో ముక్కను మెల్లగా పళ్లెంలో పెట్టి, చేయి తుడుచుకున్నారు. “నేను ఇయ్యాల వక్క మానేసిన” అన్నారు.

  మామ లేచి తలపాగా చుట్టుకున్నారు. గోడ మీది ఇత్తడి నెమలిని తీసి కండువాలో కట్టుకున్నారు. 

“బండెక్కు బిడ్డా. బాలమ్మను చూసినదానివి నువ్వే” అన్నారు. బర్రె పేరు ఎత్తలేదు.

కాసిం సాబ్ బండిలో ముగ్గురం బొంగులూరు పోయాం. దారి పొడుగునా నా మనసులో ఒకటే. ఇనుము దొరకని రోజులు, తొమ్మిది దినాలు గడిచాయి, ఏ కమ్మరి కొలిమిలోనో కరిగి నాగలికి కర్రు అయ్యుంటుంది. బాలమ్మ దొరికింది. గిన్నె తిరిగి ఇస్తానన్నాను.

“పాలు కాచిన గిన్నె నేనేం జేసుకుంట చెల్లె? నీ ఇనుము కమ్మరి వీరయ్యకిచ్చిన. ఉరుకుండ్రి, ఇయ్యాలనే కొలిమి ముట్టిచ్చిండు.”

కొలిమి దగ్గర నా కొడవలి, మూకుడు అప్పటికే కర్రులైపోయాయి. మామ పాత ఇనుము కుప్ప ముందు కూర్చొని రెండు చేతులా తోడసాగారు. వానకు తడిసి కుప్పంతా ఎర్రగా తుప్పు పట్టింది. అట్టడుగున అది ఉంది. పిడులకు తుప్పు. అంచుకు మాత్రం లేదు. తెల్లగా మెరుస్తోంది. పెచ్చు ఊడిన చోట వక్క పొడి, ఇంకా తడిగా. నేను వేలితో తుడిచి చూశాను. వాసన కూడా వక్కదే.

“కొలిమి మీద ఒట్టు. తెచ్చి ఏసినకాన్నుంచి ఎవలు ముట్టలె. మా ఇంట్ల వక్క తినేటోళ్లే లేరు” అన్నాడు వీరయ్య.

మామ కండువా విప్పి నెమలిని ముందు పెట్టారు. “గిది తీస్కో. గది నాకియ్యి.”

వీరయ్య నెమలిని అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇత్తడి నేనేం జేసుకుంట పెద్దయ్యా? నెమలితోని దున్నమంటవా? ఇనుముకు ఇనుమే గావాలె.”

 నెమలిని అంత తేలిగ్గా కాదన్నవాళ్లను మామ అదివరకు చూడలేదు. అప్పుడు కాసిం సాబ్ గబగబా పోయి తన బండికి వేలాడే ఇనుప గొలుసు విప్పుకొచ్చి వీరయ్య ముందు పడేశారు. నెమలిని చంకలో పెట్టుకున్నారు.

“బాభీ సరోతా ఎట్లైన ఇయ్యవు, గిదన్న నాకియ్యి! అవ్ రంగన్నా, నా గొలుసుకు నీ నెమలి. ఏమంటవ్?”

“తీస్కపో” అన్నారు మామ. ఆయన నెమలి వైపు చూడనే లేదు. ఒళ్లో ఉన్న నల్లటి ఇనుమును కండువాతో తుడుస్తున్నారు. ఇంటికి వచ్చేదాకా కాసిం సాబ్ నవ్వు ఆగలేదు.

అడకత్తెర మళ్లీ గూట్లో చేరింది. మరునాడు అన్నాలయ్యాక నేను గిన్నెలు తోమడం ఆపి చెవులు పెట్టి కూర్చున్నాను. చప్పుడు లేదు. అరుగు మీద మామ పండుకోలేదు, గోడకు ఆనుకొని కూర్చున్నారు. ఆయన కూడా వింటున్నారని నాకు తెలుసు. రెండో రోజూ లేదు.

మూడో రోజు మామ పిలిచారు.

“బిడ్డా, ఇగ నువ్వే కొట్టు.”

డబ్బా తెరిచి ఒక వక్క తీశాను. రెండు దెబ్బలు, మూడు ముక్కలు, నడుమ గీత. మామ ఒకటి నోట్లో వేసుకొని కళ్లు మూసుకున్నారు.

“ఫరవాలేదు. ఆమెకంటె జర దొడ్డుగ కొట్టినవ్” అన్నారు. తర్వాత దొడ్డి వైపు తిరిగి, “ఏం గౌరీ, నీకు పని తప్పింది పో” అన్నారు.

మామ ఉన్నన్నాళ్లూ ఆ పని నాదే. ఆయన పోయాక చిలకలు, గుర్రాలు చుట్టాలు పంచుకున్నారు. ఇనుపది నా దగ్గరే ఉంది. పాత సామాన్లు కొనేవాళ్లు వచ్చి అడిగారు, నేను ఇవ్వలేదు. దేన్నీ ఊరికే ఉంచుకోని దానివి, ఇదెందుకు నానమ్మా అని నా మనవరాలు ఎక్కిరిస్తుంది.

ఇంకొకటి కూడా ఉంచుకున్నాను. ఆ రోజు కాసిం సాబ్ పళ్లెంలో తిరిగి పెట్టిన ముక్క. గుడ్డలో కట్టి పెట్టెలో పెట్టాను. వక్క ఎంత జాగ్రత్త చేసినా పురుగు పడుతుంది. దీనికి ఇన్నేళ్లయినా పట్టలేదు. గీత అట్లాగే ఉంది.

మా ఇంట్లో గింజ పోయినా, గింజ వచ్చినా నాకు తెలియకుండా జరగదు. తొమ్మిది రోజులు, రోజుకొకటి, తొమ్మిది వక్కలు. డబ్బాలోవి కావు. మామ కొన్నవి కావు. అవి ఎవరింటివో ఇప్పటికీ నాకు తేలలేదు.