ముక్కు బస్సు పక్కన అమ్మ

బస్సుల మెకానిక్‌గా రిటైరై ఏడెనిమిదేళ్లవుతోంది. చేతుల గ్రీజు వదిలింది గానీ బస్సుల పిచ్చి వదల్లేదు. బాన్సువాడలో ఎవరి పాత ఫోటోలోనైనా బస్సు కనబడితే నా దగ్గరికి తెస్తారు. బానెట్, లైట్లు, పైకెక్కే నిచ్చెన, కిటికీలు చూసి అది ఏ కాలం బండో చెబుతాను. విన్నవాళ్లు నోరెళ్లబెడితే నాకు భలే సంతోషం. ఆ సంతోషమే ఒకసారి నన్ను తొందరపెట్టింది.

నస్రుల్లాబాద్ నుంచి ఒకామె వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. బీడీలు చుట్టి చుట్టి వేళ్ల కొసలు నల్లబడ్డాయి. కొంగులోంచి తీసిన ఫోటో పోస్టుకార్డులో సగం కూడా లేదు. అందులో ముందుకు పొడుచుకొచ్చిన బానెట్‌తో పాత బస్సు. మేం దాన్ని ముక్కు బస్సు అనేవాళ్లం. పక్కన ఒక బక్కపలచని ఆడమనిషి, ఆమె చంకలో గుడ్డలో చుట్టిన పసిగుడ్డు.

"మా అమ్మ, అన్నా. నేను పుట్టిన ఏడే పోయింది. ఆమె ఫోటో గిదొక్కటే ఉన్నది."

"మరి నేనేం చెప్పాలె చెల్లె?"

"గా సంకలున్నది నేనా, మా అన్ననా అని. మా అన్న నాకంటె నాలుగేండ్లు పెద్ద. చిన్నగున్నప్పుడే పోయిండు. నన్ను మా అవ్వ సాదింది. నువ్వు పుట్టినంక మీ అమ్మ మంచం దిగలే, నిన్ను ఎత్తుకోనే లేదు అని చెప్తుండె. ఇప్పుడు అడుగుదామంటె ఎవ్వరు లేరు. బస్సు ఎప్పటిదో తెలిస్తె బిడ్డ ఎవరో తెలుస్తదని మా కోడలన్నది."

భూతద్దం పెట్టి చూశాను. కిటికీలోంచి గుడ్డ వేలాడుతోంది. వెనకటి బస్సులకు కిటికీ అద్దాలుండేవి కావు, వానొస్తే కాన్వాసు పరదాలు దించేవాళ్లు. మా వైపు బస్సులకు అద్దాలు వచ్చింది సుమారు ఆమె పుట్టిన రోజుల్లోనని పాత డ్రైవర్లు చెప్పగా విన్నాను.

"ఇది పరదాల బస్సు. నువ్వు పుట్టకముందుది. గా బిడ్డ మీ అన్ననే," అన్నాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆమె ఫోటో కొంగులో చుట్టుకుని నవ్వు తెచ్చుకుంది. "మా అన్ననే గదా, పరాయోడా? మా అన్న మొఖం గూడ ఎన్నడు చూడలే నేను. ఇగ పెద్దగ చేయించి గోడకు పెడ్త."

రెండు వారాల తర్వాత ఏదో పనిమీద ఫోటో స్టూడియోకు వెళ్లాను. కౌంటర్ మీద అదే ఫోటో, పెద్దది చేసి ఉంది. ఆమె ఒకటి తీసుకుపోయిందనీ, ఇది ఆమె కూతురి కోసమనీ స్టూడియో అతను చెప్పాడు. నా చూపు ఆ బస్సు కిటికీ దగ్గరే ఆగిపోయింది. వేలాడుతున్నది పరదా కాదు. అంచున చారలున్నాయి. ఎవరో ఆరేసుకున్న తువ్వాల. దాని వెనక కిటికీకి సగం ఎత్తిన అద్దం, దానిమీద ఎండ మెరుస్తోంది.

అటునుంచి అటే ఒక రిటైర్డ్ డ్రైవర్ ఇంటికి వెళ్లాను. తొంభైకి దగ్గర పడ్డాడు, ముక్కు బస్సులు నడిపిన మనిషి.

"కాకా, మన దిక్కు బస్సులకు అద్దాలు ఎప్పుడొచ్చినయి?"

"మా పెద్దబిడ్డ పుట్టిన ఏడు. వానల ఆమెను చూడపోతుంటె మొదటిసారి తడవకుంట పోయిన. యాదికున్నది."

ఆ పెద్దబిడ్డకు ఇప్పుడెన్నేళ్లని అడిగాను. అరవై ఒకటి అన్నాడు. అద్దాలొచ్చేసరికి ఆ అన్నకు మూడేళ్లన్నా నిండి ఉండాలి. చంకలోని బిడ్డ పట్టుమని రెండు నెలలది కూడా కాదు.

మరునాడు పొద్దున్నే నస్రుల్లాబాద్ పోయాను. గోడ మీద ఫోటో ఉంది. బంతిపూల దండ, తల్లికొక బొట్టు, బిడ్డకొక బొట్టు. ఆ బిడ్డ ఆమేనని నిలబడే చెప్పేశాను.

"మొన్న అన్ననంటివి. ఇయ్యాల నేనంటున్నవు. రేపొచ్చి ఇంకెవరంటవు?" అంది. కోపంగా అనలేదు. అయినా నాకు తగలవలసిన చోటే తగిలింది.

"తప్పు నాదే చెల్లె. తువ్వాలను చూసి పరదా అనుకున్న. నిమ్మళంగ చూడకుంట నోరుజారిన." అద్దం ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను.

ఆమె స్టూలెక్కి ఫోటో దింపి ఒళ్లో పెట్టుకుంది. "బతికున్నదానికి బొట్టు వెట్టి దండేసిన," అని పకపకా నవ్వింది. కొంగుతో బిడ్డ మీది బొట్టు తుడిచేసింది. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. బిడ్డ కింద గుండ్రంగా మడిచిన తల్లి చెయ్యి మీద వేలు పెట్టింది.

"ఎత్తుకున్నది, అన్నా."

"ఎత్తుకున్నది."

"మరి మంచం దిగలేదని ఎందుకన్నది మా అవ్వ?"

"దవాఖానకు తీస్కపోయిన రోజేమో. నాకేం తెలుస్తది చెల్లె, నాకు బస్సులే తెలుసు."

తలూపింది. లోపల్నుంచి కోడలు చాయ్ తెచ్చింది. ఆమె మాత్రం గ్లాసు ముట్టుకోలేదు.

"పది రోజులు మా అన్న ఉండె గా గోడ మీద," అంది మెల్లగా. "పొద్దున లేస్తనే మొఖం చూస్తుంటి. ఇగ మల్ల పోయిండు."

చాయ్ తాగేసి కూడా చాలాసేపు ఆమె పక్కనే కూర్చున్నాను.