వరుసగా పదిహేను రోజులు

ఆ ఆడవాళ్ల జైల్లో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. వార్డరుగా చేరి పంతొమ్మిదేళ్లయింది. లా డిగ్రీ డ్యూటీల మధ్యనే ఏడేళ్లు ఈది ఎలాగో ఒడ్డున పడింది. నలభై రెండో ఏట మానవతా చట్టాలు, మానవ హక్కులలో పి.జి. చేయడానికి సాయంత్రం కాలేజీలో సీటు తెచ్చుకుంది. ఆ రోజు నుంచి ఆమె అందరికీ లాయరమ్మే.

అది ప్రేమతో పెట్టిన పేరు కాదు. వంటశాల దగ్గర తోటి వార్డరు బకెట్టు కింద పెట్టి, "లాయరమ్మా, ఇది మొయ్యడం నా హక్కా, బాధ్యతా?" అని అడిగితే, వరసలో నిలబడ్డ ఖైదీలు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లు. ఇంట్లో తెల్లారగట్ల ఆమె పాఠాలు పైకి చదువుతుంటే కూతురు దుప్పట్లోంచి తల బయటపెట్టి, "అమ్మా, కన్న పిల్లలకి నిద్రపోయే హక్కు మీ పుస్తకంలో ఎక్కడా లేదా?" అనేది.

ఆమె కోరిక చిన్నదే. పి.జి. చేతికొస్తే వార్డర్ల శిక్షణ కేంద్రానికి మారి పాఠాలు చెప్పుకోవచ్చు. నల్లబల్ల, సుద్దముక్క, ఊచల్లేని కిటికీ. తాళంచెవుల గుత్తి వేలాడి వేలాడి ఆమె ఎడమ తుంటి మీద చర్మం కాయకట్టింది. ఆ గుత్తిని ఎవరి చేతిలోనైనా పెట్టి వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. అంతకుమించి ఏమీ లేదు.

పరిశోధనకు ఒంటరి గది శిక్షను ఎంచుకుంది. మొదటి చిత్తుప్రతిని గైడు ప్రొఫెసరు రెండు వేళ్లతో, తడి గుడ్డను జరిపినట్టు, ఆమె వైపు జరిపాడు.

"చట్టాలున్నాయి, సెక్షన్లున్నాయి. మనుషులేరమ్మా? జైల్లో పనిచేస్తూ కూడా లైబ్రరీలో కూర్చున్నవాడిలా రాస్తే ఎలా? ఆ పని మిగతావాళ్లు చేస్తున్నారుగా, నీకన్నా మంచి ఇంగ్లీషులో."

క్లాసంతా నవ్వింది. ఆమె కాగితాలు సంచిలో పెట్టుకుంది.

అలా కాజాలక్క దగ్గరికి వెళ్లింది. కుట్టు షెడ్డులో చొక్కాలకు కాజాలు కుట్టే ఆవిడ కాజాలక్క. యాభై దాటాయి, మాట తక్కువ. మూడేళ్ల కిందట ఆమెను ఒంటరి గదిలో పెట్టారు. రిజిస్టరులో ఏడు రోజులని ఉంది.

"ఏడు కాదు, ఇరవై మూడు" అంది కాజాలక్క, మధ్యాహ్నం మిషన్లు ఆగిన వేళ.

"నీకెలా తెలుసక్కా? అందులో కిటికీ కూడా లేదుగా."

"దుప్పటి అంచున దారం పీకా. ప్లేటు రెండుసార్లు వస్తే ఒక ముడి." బారక్‌లోకి తీసుకెళ్లి, దిండు గలీబు కుట్టు విప్పి దారం తీసి చూపించింది. చీమలబారులా ఉన్నాయి ముళ్లు. "రాసుకోండి. నా పేరు మాత్రం వద్దు. ఇంకో ఏడాదిలో విడుదల. మళ్లీ ఆ గదిలోకి పోతే తిరిగి రాలేను లాయరమ్మా. చివర్లో గోడతో దెబ్బలాడా. గోడే గెలిచింది."

"పదిహేను రోజులకు మించి ఉంచకూడదని రూలుందక్కా. పేరు రాయను. నాలుగో నంబరు అని రాస్తా. నా మీద ఒట్టు."

మాట నిలబెట్టుకుంది. పేరు, వయసు, చేసిన నేరం, ఏదీ రాయలేదు. ముళ్ల దారం సంగతి మాత్రం రాసింది. అది తీసేస్తే అధ్యాయంలో ప్రాణమే లేదు మరి. ఆ కిందనే, మూడు వారాలు తల బద్దలు కొట్టుకుని, తన సొంత ఆలోచన ఒకటి చేర్చింది. వరుసగా పదిహేను రోజులకు మించి ఎవరినీ ఒంటరిగా ఉంచరాదని అంతర్జాతీయ నియమాలు చెబుతున్నాయి. అయితే బుర్రున్న అధికారి పద్నాలుగు రోజులు ఉంచి, ఒక రోజు బయటికి తెచ్చి, మళ్లీ పద్నాలుగు రోజులు వేస్తే 'వరుసగా' అనే మాట ఆ ఖైదీని కాపాడలేదు. ఈ కన్నం పూడ్చాలి, అని ముగించింది.

ఈసారి ప్రొఫెసరు కాగితాలు జరపలేదు. "ఇది నువ్వే ఆలోచించావా?" అన్నాడు.

మౌఖిక పరీక్షకు వెళ్లాలంటే పై అధికారి అభ్యంతరం లేదని సంతకం చేయాలి. జైలు సూపరింటెండెంటు నవ్వుమొహం మనిషి. పరిశోధన గ్రంథాన్ని రెండు రోజులు దగ్గర పెట్టుకుని, మూడో రోజు లాయరమ్మను పిలిపించింది.

"కూర్చో తల్లీ. బిస్కెట్ తీసుకో. భలే రాశావే! నాలుగో అధ్యాయం రెండుసార్లు చదివాను. ఈ నాలుగో నంబరు మన కాజాల మనిషేగా?"

"పేర్లు చెప్పకూడదు మేడమ్. పరిశోధన నియమం."

"ఇరవై మూడు రోజులు ఎవర్ని ఉంచానో నాకు తెలీదా ఏంటి? నీ నోటితో వినాలని అడిగా. దారం దాచుకోవడం మన నియమాల్లో తప్పు. ఉరేసుకుంటే ఎవరు జవాబు చెప్పాలి?" కలం మూత తీసింది. "ఆవిడ కాదని ఒక్క మాట అను, నమ్ముతా. దిండు జోలికి కూడా పోను. కాకపోతే అప్పుడు అలాంటి ఖైదీ ఇక్కడ లేదని, నువ్వు రాసింది కల్పితమని మీ కాలేజీకి రాయాలి. చెప్పు, ఏది రాయమంటావు?"

లాయరమ్మ బల్ల మీది ఫారం వైపు చూసింది. బిస్కెట్ చేతిలోనే ఉంది. 'కాదు' అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట అనకుండా బిస్కెట్ కొరికింది.

మేడమ్ సంతకం గీకి ఫారం ఆమె చేతిలో పెట్టింది.

"పద్నాలుగు రోజులు వేస్తున్నా. ఒక రోజు ఎండలోకి తెస్తాం. మళ్లీ పద్నాలుగు. నువ్వు రాయకపోతే నాకు తట్టేదే కాదు సుమా! ఆ బ్లాకు డ్యూటీ నీకే వేశా. మానవ హక్కులు తెలిసిన మనిషివి, జాగ్రత్తగా చూసుకుంటావు."

ఆ సాయంత్రమే దిండులో దారం దొరికింది. గది ముందు కాజాలక్క ఆగిపోయింది.

"ఎవరో చాడీ చెప్పారు లాయరమ్మా. ఎన్నాళ్లు?"

"పద్నాలుగు."

"రాతలో పద్నాలుగా, నిజంగా పద్నాలుగా?"

"నిజంగానే."

కాజాలక్క గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే బతికిపోతా. పద్నాలుగు లెక్కపెట్టుకోగలను. మీ చదువు పుణ్యం. మీరున్నారని ఎక్కువ ఉంచడానికి భయపడ్డారు." తనే తల వంచుకుని లోపలికి వెళ్లింది. రెండో పద్నాలుగు సంగతి చెప్పకుండానే లాయరమ్మ తాళం వేసింది.

తొమ్మిదో రోజున మౌఖిక పరీక్ష. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆ ముళ్ల దారం చదివాక నాకు నిద్ర పట్టలేదమ్మా. ఆవిడ ఇప్పుడెలా ఉంది?"

"బాగుంది సార్."

"ఆ కన్నం గురించి రాసిన పేరా మాత్రం అచ్చు వేయించాలి. అందరికీ తెలియాలి."

ప్రొఫెసరు అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు.

పదిహేనో రోజు పొద్దున కాజాలక్క ఆవరణలోకి వచ్చింది. వెలుగు చూడలేక కళ్లు మూసుకుని, గోడ పట్టుకుని కూర్చుంది. అన్నం తింది. షెడ్డులోంచి ఎవరో తెచ్చిన చొక్కాకు రెండు కాజాలు కుట్టింది. కుట్లు వంకర పోతే తనే నవ్వింది. పొద్దు వాలాక తాళంచెవుల చప్పుడు విని తలెత్తింది.

"నా బారక్కేగా?"

లాయరమ్మ ఒంటరి గదుల వైపు చెయ్యి చూపింది.

"పద్నాలుగు అయిపోయాయిగా! లెక్క తప్పలేదు నేను. ప్లేట్లు లెక్కపెట్టా, ఇరవై ఎనిమిది."

"మళ్లీ పద్నాలుగు."

"అదెలా? పదిహేను దాటకూడదని రూలు ఉందన్నారుగా. మీరే చెప్పారుగా."

"వరుసగా అయితేనే" అంది లాయరమ్మ.

కాజాలక్క ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. ఒక్కో ముడీ విప్పుకుంటున్నట్టు చూసింది. తర్వాత చాలా మామూలుగా అడిగింది.

"పాసయ్యారా?"

"అయ్యాను."

"ఎన్నో స్థానం?"

"మొదటి స్థానం."

ఈసారి గోడ పట్టుకుని నడిచింది కాజాలక్క. గడప దగ్గర ఆగి, చేతిలో మిగిలిన దారం ముక్కను లాయరమ్మ అరచేతిలో పెట్టి లోపలికి వెళ్లింది. లాయరమ్మ తలుపు మూసి, తాళం వేసి, పంతొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ రెండుసార్లు లాగి చూసుకుంది. వచ్చే నెల ఒకటో తారీకు శిక్షణ కేంద్రంలో చేరాలి. ఉత్తర్వు జేబులోనే ఉంది. బల్ల దగ్గరికెళ్లి రిజిస్టరు తెరిచి, గీత కొట్టి, కాజాలక్క పేరుకు ఎదురుగా గుండ్రటి అక్షరాలతో రాసింది: మొదటి రోజు.