ఉలిగమ్మ చెప్పిన అమెరికా జగడం

ఉలిగమ్మ గోరంట్ల పిల్ల. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆమె నోటికి ఊరే పక్కకు జరిగి నిలబడేది. అట్లాంటి మనిషి పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో మొగుడితో మాట మానేసింది. ధర్మవరంలో మా మగ్గాల వీధికి మొదటి రేడియో వచ్చింది ఆ రోజే.

మానేయక ఏం చేస్తుంది? ఎంతమంది పెళ్ళికూతుళ్ళకో పట్టుచీరలు నేసిన చేతులవి, ఆమె ఒంటిమీద మాత్రం ఏనాడూ నూలుచీరే. ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా పట్టు కూడబెట్టి, నెమలికంఠం రంగు చీరకు మిరపపండు అంచు పెట్టి తనకోసం ఒకటి నేసుకుంది. రైల్వే గార్డు దానియేలుకు గుంతకల్లుకు బదిలీ అయితే, ఈమె మొగుడు ఓబుళప్ప, ఆ పాటల పిచ్చి మహానుభావుడు, ఆ చీరను దానియేలు కూతురికిచ్చి ఆయన రేడియో ఎత్తుకొచ్చాడు. నేను వాళ్ళ ఎదురింటిదాన్ని, ఆమె చోట నేనే ఉంటే ఆ పెట్టెను బావిలో వేసేదాన్ని.

మాట మానినా మగ్గం మానడానికి లేదు. మా చీరకు నడుమ ఒక రంగు, అంచు ఇంకో రంగు. నడుమకు ఒకరు, అంచుకు ఒకరు, ఒకే మగ్గం గుంతలో పక్కపక్కన కూర్చుని, పోగును అటూ ఇటూ మోసే నాడెలు వేయాలి. ఆయన పోగూ ఈమె పోగూ ఒకదాన్నొకటి పట్టుకుంటేనే బట్ట. మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చుని ఆమె గోడతో చెప్పేది: "పోగు తెగిండాది, చూసేవాళ్ళుంటే చూడండి." ఆయన ముఖం చూస్తే నాకు జాలేసేది. తప్పు చేసినవాడి మీద జాలేమిటని మళ్ళీ నన్ను నేనే తిట్టుకునేదాన్ని.

దీపాలు పెట్టే వేళకు ఓబుళప్ప రేడియోను అరుగు మీదికి తెచ్చి తిప్పేవాడు. గుర్రుమని, కీచుమని, చివరకు అమెరికావాళ్ళ స్టేషన్ తగిలేది. అందులో వారం వారం ఒక మొగుడూ పెళ్ళాం. ఆయన ఏదో అంటాడు, ఆమె గయ్యిమంటుంది, తలుపు టపామంటుంది, వెంటనే బోలెడంత జనం గొల్లుమంటారు. అది నవ్వులాట నాటకమనీ, ఎదుట కూర్చుని చూసేవాళ్ళు నవ్వుతారనీ దానియేలు ఓబుళప్పకు చెప్పే పోయాడని మాకు తరువాతెప్పుడో తెలిసింది. అప్పటికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, వాళ్ళు నవ్వితే మేమూ నవ్వేవాళ్ళం.

ఉలిగమ్మకు మాత్రం ఒళ్ళు మండింది. మా వీధిలో ఒకరింట్లో జగడమైతే పదిమంది గుమ్మంలో చేరతారు. అమెరికాలోనూ అంతే అనుకుంది. ఒక సాయంత్రం చేట పట్టుకుని వచ్చి రేడియో మీదికి లేచింది.

"ఏమబ్బా, మీకు ఇండ్లూ వాకిండ్లూ లేవా? పాపం ఆ యమ్మ ఏడుస్తాంటే పండ్లికిలిస్తాండారు! ఆ యమ్మకు ఏం కష్టమొచ్చిండాదో మీకు తెలుసునా?"

"ఏం కష్టమక్కా?" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"ఇంకేముంటాది? ఆ యప్ప ఆమె చీర ఎత్తకపోయి ఎవరికో ఇచ్చొచ్చినాడు!"

సరిగ్గా అప్పుడే రేడియోలో జనం విరగబడి నవ్వారు. మేమూ ఆపుకోలేకపోయాం. ఉలిగమ్మ మమ్మల్ని చూసింది, రేడియోను చూసింది. మూతి బిగించింది గానీ నవ్వు ఆగలేదు. చేట పక్కన పెట్టి అరుగు మీద చతికిలబడింది.

ఆ తరువాత వారం వారం కథ ఆమే చెప్పేది. "ఇప్పుడేమంటాందంటే, నీకు ఇంత తలకాయ పెట్టిన దేవుడు, లోపల రవ్వంత బుద్ధి పెట్టేది మరిచినాడు అంటాంది." అమెరికా ఆమె గయ్యిమన్నప్పుడల్లా అక్షింతలు ఓబుళప్పకే. పక్క వీధివాళ్ళు కూడా వచ్చి చేరారు. ఆయన తల వంచుకుని కూర్చునేవాడు గానీ, లోలోపల ఎంత సంబరమో నేను కనిపెట్టాను. ఇన్నాళ్ళూ గోడకు పోయిన మాటలు మళ్ళీ తన మీదికి వస్తున్నాయి కదా.

ఒకరోజు రేడియోలో మొగుడు ఆపకుండా మాట్లాడాడు. మగవాడి తరఫున మాట్లాడటానికి ఉలిగమ్మకు మనసొప్పలేదు.

"నేను చెప్తా," అన్నాడు ఓబుళప్ప. "ఆ యప్ప ఏమంటాండాడంటే, తప్పు నాదే. పాటల పిచ్చిలో కండ్లు మూసుకపోయినాయి. ఇప్పుడు మగ్గమెక్కే పడుగు నీ చీరదే. ఆ చీర దిగేదాకా ఈ పెట్టె ముట్టను అంటాండాడు."

రేడియోలో జనం నవ్వారు. మా అరుగు మీద ఒక్కరూ నవ్వలేదు.

"ఆ యమ్మ ఏమంటాందక్కా?" అన్నాను మెల్లగా.

"ఆ యమ్మ సంగతి ఇడిసిపెట్టు," అని ఉలిగమ్మ మొగుడి వైపు తిరిగింది. గోడ వైపు కాదు, నేరుగా ఆయన వైపే. "ఏమప్పా, పెట్టె మూసేస్తే వాళ్ళ జగడం ఏమాయనో నాకెట్ల తెలుస్తాది? దాన్ని మోగనీ. పడుగు మాత్రం రేపే ఎక్కాల. నెమలికంఠమే. అంచు మిరపపండే."

అబ్బ, ఆ రోజు నాకు కలిగిన సంతోషం మా ఇంట్లో పెండ్లికి కూడా కలగలేదు!

చీర మగ్గం దిగిన సాయంత్రం ఉలిగమ్మ దాన్ని కట్టుకుని అరుగు మీదికి వచ్చింది. ఓబుళప్ప ఎంత తిప్పినా రేడియోలో గరగర తప్ప అమెరికా తగల్లేదు. మేం లేవబోయాం.

"యాడికి పోతాండారు? కూచోండి," అంది ఉలిగమ్మ. గరగరకు చెవి ఒగ్గి చెప్పసాగింది. "ఈ పొద్దు ఆ యమ్మ కొత్త చీర కట్టుకుండాది. ఆ యప్పకు సిగ్గూ శరమూ లేదు, ఇంతమంది ముందర కన్నార్పకుండా చూస్తాండాడు."

మేమంతా ఓబుళప్ప వైపు తిరిగాం. ఆయన నిజంగానే కన్నార్పడం లేదు.